పావురాల రెట్ట, కోళ్ల ఎరువు: మిద్దెతోటకు ఏది, ఎలా?

ప్రశ్న: "అక్కా, నమస్తే. మేము కూకట్‌పల్లిలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లో పైఅంతస్తులో ఉంటాం. మిద్దె మీద ముప్పై గ్రో బ్యాగుల్లో టమాట, మిరప, వంగ, పాలకూర, కొత్తిమీర వేసుకున్నాను. వంటింటి వెనక బాల్కనీలో ఏసీ అవుట్‌డోర్ యూనిట్ చాటున పావురాలు చేరాయి, ఎన్నిసార్లు కడిగినా మళ్లీ రెట్టలే. 'పావురాల రెట్ట బంగారం లాంటి ఎరువమ్మా, పారేయకండి' అని మా వాచ్‌మన్ చెబితే, రెండు వారాల కిందట ఎండిపోయినదంతా ఊడ్చి, అర బకెట్ దాకా వచ్చింది, తలా ఒక గుప్పెడు అన్ని బ్యాగుల్లో వేశాను. వారం తిరిగేసరికి టమాట ఆకుల అంచులు మాడిపోయాయి, మిరప మొక్కలు రెండు చచ్చిపోయాయి. పాలకూర మాత్రం నల్లటి ఆకుపచ్చ రంగులో బ్రహ్మాండంగా ఉంది. అది కోసి వండుకోవచ్చా? మా తమ్ముడు ఊర్లో కోళ్ల ఫారం నుంచి ఒక బస్తా ఎరువు తెస్తానంటున్నాడు, తెమ్మననా? ఇంకోటి, మా అత్తయ్య ఆ బాల్కనీలోనే కూర్చుని కూరలు తరుగుతారు. ఆవిడకి ఉబ్బసం ఉంది, ఈమధ్య పొడి దగ్గు ఎక్కువైంది. దానికీ దీనికీ సంబంధం ఉందేమోనని టెన్షన్‌గా ఉంది."

సమాధానం:

మీరు ఉత్తరం చివర్లో రాసిన విషయంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే టమాటాలు పోతే మళ్లీ నారు పోసుకోవచ్చు. ముందు ఆ చీపురు పక్కన పెట్టండి తల్లీ. అత్తయ్యగారిని ఇవాళ్టి నుంచే ఆ బాల్కనీలో కూర్చోనివ్వకండి, అక్కడ కూరలు తరగడం కూడా వద్దు.

పావురాల రెట్ట తడిగా ఉన్నంతసేపు కింద అంటుకుని ఉంటుంది, చెడ్డగా కనిపిస్తుంది కానీ కదలదు. ఎండాకే అసలు ప్రమాదం. ఎండిన రెట్టను ఉదయం ఎండ పడే వేళ ఊడ్చి చూస్తే, ఆ వెలుతురులో తెల్లటి సన్నని పొడి తేలుతూ కనిపిస్తుంది, చీపురు ఆపేశాక కూడా చాలాసేపు దిగదు. మనం పీల్చేది అదే. ఆ పొడిలో పక్షుల ప్రొటీన్లు ఉంటాయి, రెక్కల నుంచి రాలే నూగు కూడా కలుస్తుంది. ఇవి రోజూ ఊపిరితిత్తుల్లోకి పోతుంటే కొందరిలో ఒంట్లోని రక్షణ వ్యవస్థ వాటి మీద తిరగబడి ఊపిరితిత్తులనే వాచేలా చేస్తుంది. దీన్ని హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అంటారు. పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, నీరసం, ఒక్కోసారి సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడటం, ఇలా మొదలవుతుంది. మామూలు దగ్గే కదా అని నెలల తరబడి సిరప్పులు తాగుతూ కూర్చుంటే ఊపిరితిత్తులు గట్టిపడిపోయే దశ దాకా వెళ్లొచ్చు, అక్కడి నుంచి వెనక్కి రావడం కష్టం. ఇది కాక, పాతబడిన పావురాల రెట్టలో క్రిప్టోకాకస్ అనే ఫంగస్ పెరుగుతుంది. ఆరోగ్యవంతులను సాధారణంగా ఏమీ చేయదు కానీ, అవయవ మార్పిడి జరిగినవాళ్లకు, కీమోథెరపీలో ఉన్నవాళ్లకు, చాలాకాలంగా స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవాళ్లకు మెదడు పొరల దాకా పాకి ప్రాణం మీదికి తెస్తుంది.

అత్తయ్యగారి దగ్గుకి కారణం పావురాలేనని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, అది తేల్చాల్సింది డాక్టరే. కానీ ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు "మా బాల్కనీలో పావురాలున్నాయి, ఇన్ని నెలలుగా ఉన్నాయి, ఆవిడ రోజూ అక్కడే కూర్చుంటారు, ఈమధ్యే రెట్ట ఊడ్చాం" అని మీ అంతట మీరే చెప్పండి. హడావిడిలో ఉన్న డాక్టరు అడగకపోవచ్చు, మనకు అది చెప్పాల్సిన విషయమని తోచకపోవచ్చు. ఆ ఒక్క మాటతో పరీక్షల దారే మారిపోతుంది.

బాల్కనీ శుభ్రం చేయాలి కదా, అది ఇలా చేయండి. అత్తయ్యగారిని, పిల్లలుంటే వాళ్లని వేరే గదిలోకి పంపి తలుపు వేసేయండి. మీరు ఎన్‌95 మాస్కు పెట్టుకోండి, చున్నీ చుట్టుకుంటే సరిపోదు, చేతులకు గ్లవ్స్ వేసుకోండి. స్ప్రే బాటిల్‌తో సబ్బునీళ్లు మెల్లగా కొట్టి, రెట్ట మొత్తం నానేదాకా పావుగంట వదిలేయండి. మగ్గుతో విసిరి కొట్టొద్దు, దుమ్ము లేస్తుంది. నానాక పాత రేకుముక్కతో గీకి, తడిగానే కవర్లోకి ఎత్తి, మూతి కట్టి చెత్తబండికి ఇచ్చేయండి. తరువాత బ్లీచింగ్ కలిపిన నీళ్లతో నేల తుడవండి. ఎండిన రెట్ట మీద చీపురు గానీ వాక్యూమ్ క్లీనర్ గానీ ఇంకెప్పుడూ వాడకండి.

ఇక మొక్కల సంగతి.

మీ వాచ్‌మన్‌ను నేను తప్పుపట్టను. రెట్టలో బలం ఉన్నమాట నిజమే. పక్షులు మనలాగా మూత్రం వేరుగా పోయవు, అంతా ఒకే దారిన వస్తుంది. రెట్టలో తెల్లగా సున్నంలా కనిపించేదే వాటి మూత్రం, అది యూరిక్ ఆమ్లం, అందులో నత్రజని దండిగా ఉంటుంది. పశువుల ఎరువులో నత్రజని సుమారు 0.5 శాతం, భాస్వరం 0.2, పొటాష్ 0.5 ఉంటే, కోళ్ల ఎరువులో నత్రజని సుమారు 3 శాతం, భాస్వరం 2.6, పొటాష్ 1.4 అని మన వ్యవసాయ పుస్తకాల్లో ఉంటుంది. అంటే నత్రజని లెక్కన చూస్తే ఒక గుప్పెడు కోళ్ల ఎరువు ఆరు గుప్పెళ్ల పశువుల ఎరువుతో సమానం. మీరు పశువుల ఎరువు వేసే చేతికొలతతోనే పావురాల రెట్ట, అదీ పచ్చిది, అంటే ఎండినా మాగనిది, వేశారు. అందుకే మాడింది. మట్టిలో తడి తగలగానే ఆ యూరిక్ ఆమ్లం విడిపోయి అమ్మోనియా పుడుతుంది, లవణాలు కూడా ఎక్కువ, ఇవన్నీ కలిసి పీచువేళ్లను కాల్చేస్తాయి. పొలంలో అయితే వేరు పక్కకి పాకి తప్పించుకుంటుంది, వాన పడి లవణం కిందికి దిగిపోతుంది. పన్నెండు అంగుళాల గ్రో బ్యాగులో వేరు ఎక్కడికి పోతుంది?

ఈ రెట్ట కోసం దేశాలు కొట్టుకున్నాయంటే నమ్మండి. పెరూ తీరంలో చించా దీవులని ఉన్నాయి. అక్కడ చేపలు తిని బతికే సముద్రపక్షులు వందల ఏళ్లుగా వేసిన రెట్ట గుట్టలు గుట్టలుగా పేరుకుపోయింది. వాన దాదాపు పడని చోటు కాబట్టి అందులోని నత్రజని కొట్టుకుపోలేదు. దాన్ని గ్వానో అంటారు, క్వెచువా భాష నుంచి వచ్చిన మాట. 1840ల నుంచి ఓడల కొద్దీ యూరప్‌కి తవ్వి పంపారు, 1856లో అమెరికా గ్వానో దీవులను స్వాధీనం చేసుకోవడానికి ఏకంగా చట్టమే చేసుకుంది, 1864లో స్పెయిన్ ఆ చించా దీవులను ఆక్రమిస్తే యుద్ధమే జరిగింది. అంత దూరం ఎందుకు, చెన్నై దగ్గర వేడంతాంగల్ రైతులు తమ చెరువులో గూళ్లు పెట్టే పక్షులను తరాలుగా కాపాడుకుంటున్నారు. రెట్ట కలిసిన ఆ చెరువు నీళ్లు పారితే పైరు బాగుంటుందని వాళ్లకు తెలుసు. పక్షుల జోలికి ఎవరూ రాకుండా 1798లోనే అప్పటి కలెక్టరు చేత పత్రం రాయించుకున్నారు. మన దొరవారిసత్రం దగ్గర నేలపట్టులో గూడబాతులు నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూళ్లు పెట్టినప్పుడు కూడా రెట్ట పడేది చెరువులోనే. గమనించారా, ఈ రెండు చోట్లా రెట్ట నేరుగా మొక్క మొదట్లో పడటం లేదు. చెరువు నిండా ఉన్న నీళ్లలో కలిసి, పలచబడి, నెలల తరువాత పొలానికి చేరుతోంది.

మా అమ్మమ్మ కూడా అదే చేసేది. రాత్రిపూట కోళ్లను గంప కింద మూసేముందు నేల మీద ఊక చల్లేది, పొద్దున్నే ఆ ఊకా రెట్టా కలిపి ఎత్తి పెంటకుప్పలో పేడ మధ్య వేసేది. ఉగాది దాటాక బండ్ల మీద పొలానికి తోలే రోజు వచ్చేదాకా ఆ కుప్పను ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. పెరట్లో బీర పాదు మొదట్లో నేను ఒకసారి కోడిపెంట తెచ్చి వేస్తే చెయ్యి పట్టుకుని ఆపింది. "పచ్చిది వేస్తే వేరు ఉడికిపోద్దే" అంది. ఉడికిపోవడం అనే ఆ మాటే సరైన మాట, మీ మిరప మొక్కలకు జరిగింది అదే.

ఇప్పుడు మీ గ్రో బ్యాగులను కాపాడుకుందాం. మట్టి ముందు కొంచెం తడిపి, మాస్కు పెట్టుకుని, పైన ఒక అంగుళం మందాన గీకి తీసేయండి, తడి కవర్లో కట్టి పారేయండి. తరువాత ప్రతి బ్యాగుకీ అడుగు రంధ్రాల నుంచి నీళ్లు ధారగా కారేదాకా పోయండి, గంట ఆగి ఇంకోసారి, ఇంకో గంట ఆగి మూడోసారి. మామూలుగా మొక్కలకు ఇలా పోయొద్దనే చెబుతాను, కానీ ఇప్పుడు లోపల ఉన్న ఉప్పు కడిగెయ్యాలి. ఆ కారిన నీళ్లు కిందింటివాళ్ల బట్టల మీద పడకుండా చూసుకోండి. మూడు వారాల దాకా ఇంకే ఎరువూ వేయొద్దు, జీవామృతం, చేపల ద్రావణం, ఏదీ వద్దు. మాడిన ఆకులు మళ్లీ పచ్చబడవు, వాటిని చూసి బాధపడకండి. చిగురు చూడండి. కొత్తగా వచ్చే ఆకు అంచు మాడకుండా వస్తే మొక్క గట్టెక్కినట్టే.

పాలకూర కోసి పారేయండి. అంత నవనవలాడే ఆకు పారేయాలంటే మనసొప్పదని తెలుసు, అయినా పారేయండి. పక్షుల రెట్టలో సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా ఉండొచ్చు. ఉడికిస్తే చచ్చిపోతాయి కదా అంటారేమో, ఉడికేలోపు ఆ ఆకు కత్తిపీట మీదికి, సింకులోకి, మీ చేతుల మీదికి, పక్కనే ఉన్న కీరా ముక్కల మీదికి వెళ్లి వస్తుంది. అమెరికా సేంద్రియ వ్యవసాయ నిబంధనల్లో ఒక లెక్క ఉంది, నేను దాన్నే పాటిస్తాను: పచ్చి ఎరువు వేశాక, మట్టికి తగిలే పంట అయితే 120 రోజులు, తగలని పంట అయితే 90 రోజులు గడిచాకే కోయాలి. పాలకూర నెల, నెలన్నరకే కోతకి వచ్చేస్తుంది, అంటే ఆకుకూరకి పచ్చి ఎరువు ఏ లెక్కలోనూ కుదరదు. కొత్తిమీరది కూడా ఇదే కథ, పైగా అది పచ్చిగానే చల్లుకుంటాం. టమాటాలూ వంకాయలూ కూడా ఆ లెక్కనే మూడు నెలలు గడిచాకే కోసుకోండి.

పావురాల రెట్టనే కుళ్లబెట్టి వాడుకోవచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. పెద్ద కుప్ప వేసి, లోపల బాగా వేడి పుట్టేలా చేసే చోటు ఉన్నవాళ్లకు అది సాధ్యమే. ఉబ్బసం మనిషి ఉన్న ఇంట్లో, బాల్కనీలో పోగేసి, బకెట్లో కలిపి చేసే పని మాత్రం ఇది కాదు. ఆ అర బకెట్ ఎరువు విలువ వంద రూపాయలు కూడా ఉండదు.

కోళ్ల ఎరువు మాత్రం తెప్పించుకోండి, నేను మనస్ఫూర్తిగా చెబుతున్నాను, సరిగ్గా మాగితే కుండీల్లో దాన్ని మించింది లేదు. కానీ బస్తా నేరుగా మీ ఫ్లాటుకి రానివ్వకండి. ఊర్లోనే మాగబెట్టి తెమ్మని తమ్ముడికి చెప్పండి, అక్కడ చోటుంది, వాసనకి గొడవపడే పక్కింటివాళ్లు లేరు. ముందు ఏ ఫారమో కనుక్కోమనండి. మాంసం కోళ్ల షెడ్డులో కింద వరి ఊక గానీ వేరుశనగ తొక్కలు గానీ పరుస్తారు, రెట్ట దాంట్లో కలిసి పొడిపొడిగా వస్తుంది, మనకు అది మేలు. గుడ్ల కోళ్ల బోనుల కింద పడేది ఉత్త రెట్ట, ముద్దగా ఉంటుంది, బలం ఎక్కువ, వాసనా ఎక్కువే, గుడ్డు పెంకు గట్టిపడటానికి మేతలో సున్నం కలుపుతారు కాబట్టి అది కూడా దాంట్లోకి వస్తుంది. ఈమధ్య కోళ్లు ఎక్కువగా చనిపోయిన షెడ్డు అయితే మాత్రం దాని దరిదాపులకు కూడా వెళ్లొద్దని చెప్పండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చూశాం కదా.

కుప్ప వేయడం పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఒక గంప కోళ్ల ఎరువుకి రెండు గంపల ఎండుటాకులు గానీ తరిగిన గడ్డి గానీ, ఊక కలిసి వచ్చిన ఎరువైతే ఒక గంప చాలు, మధ్య మధ్య కొంచెం పేడనీళ్లు చల్లుతూ, నడుం ఎత్తుకి తగ్గకుండా కుప్ప పెట్టాలి. ఇంతకంటే చిన్నదైతే లోపల వేడి నిలవదు. తడి ఎంత ఉండాలంటే, గుప్పిట పట్టి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. వాన పడకుండా పట్టా కప్పాలి. మూడో రోజో నాలుగో రోజో కుప్పలోకి ఒక ఇనుప గునపం దించి, ఐదు నిమిషాలుంచి తీసి పట్టుకుంటే చెయ్యి కాలాలి. ఆ వేడి 55 డిగ్రీలు దాటి పదిహేను రోజులుండాలి, ఆ రోజుల్లో ఐదుసార్లు తిరగెయ్యాలి, బయట ఉన్నది లోపలికీ లోపలిది బయటికీ వచ్చేలా. తరువాత కదపకుండా రెండు మూడు నెలలు వదిలేస్తే చాలు. పొయ్యి బూడిద మాత్రం కలపొద్దనండి. చాలామంది పొటాష్ కోసమని కలుపుతారు, కానీ బూడిద తగిలితే అందులోని నత్రజని అమ్మోనియాగా మారి గాలిలోకి పోతుంది, ముక్కు బద్దలయ్యే వాసన వచ్చేది అందుకే.

మాగిందో లేదో మాటల మీద నమ్మొద్దు. నాలుగేళ్ల కిందట ఒక నర్సరీలో "మాగిన కోళ్ల ఎరువండీ" అని అమ్మితే తెచ్చాను. బస్తా మూతి విప్పగానే కళ్లు మండాయి, అయినా డబ్బులిచ్చి తెచ్చాం కదా అని వంగ నారులో వేశాను, పద్దెనిమిది మొక్కల్లో మూడు మిగిలాయి. అప్పటి నుంచి నేను మెంతుల పరీక్ష చేయకుండా ఏ బస్తా వాడటం లేదు. రెండు గ్లాసులు తీసుకోండి, ఒకదాంట్లో ఉత్త మట్టి, రెండోదాంట్లో సగం మట్టి సగం ఆ ఎరువు, రెండింట్లోనూ పదేసి మెంతులు. మెంతులు మూడు నాలుగు రోజుల్లో మొలుస్తాయి కాబట్టి వారం తిరక్కుండానే సంగతి తెలిసిపోతుంది. ఎరువు గ్లాసులో కూడా పదికి తొమ్మిదో పదో మొలిచి, ఆకులు విప్పి, మొలక కొస నల్లబడకుండా ఉంటే అది మాగింది. మొలకలు తక్కువ వచ్చినా, వంగిపోయినా, ఇంకో నెల పక్కన పెట్టండి. మాగిన ఎరువు చేతిలోకి తీసుకుంటే వాన పడ్డ మట్టి వాసన రావాలి, వేడి ఉండకూడదు, ఏది ఆకో ఏది రెట్టో తెలియకూడదు, ఊక మాత్రం అక్కడక్కడ కనిపిస్తే ఫర్వాలేదు.

వేసేటప్పుడు కొత్త మట్టి మిశ్రమంలో అయితే పది వంతుల్లో ఒక వంతు చాలు. పెరుగుతున్న మొక్కకైతే పన్నెండు అంగుళాల బ్యాగుకి నెలకి ఒక చిన్న గుప్పెడు, కాండానికి నాలుగు వేళ్ల దూరంలో చుట్టూ వేసి, మట్టి కప్పి, నీళ్లు పోయండి. నారు మొక్కలకు నాలుగైదు ఆకులు వచ్చేదాకా వద్దు. తోటకూర, గోంగూర, బీర, సొర, మునగ, అరటి, ఇవి దీన్ని బాగా తింటాయి. టమాట, మిరపకి పూత మొదలయ్యాక తగ్గించండి, లేకపోతే ఆకు ఏపుగా పెరిగి కాపు రాదు, ఎవరింట్లో చూసినా "మొక్క ఆరోగ్యంగానే ఉంది కానీ కాయ లేదు" అనేది ఎక్కువగా ఇందుకే. ముల్లంగి, క్యారెట్‌కి వేయకండి, ఆకు వస్తుంది గడ్డ రాదు.

పావురాలకు వల కట్టించండి, బాల్కనీలకు నైలాన్ వల కట్టేవాళ్లు ఇప్పుడు ప్రతి కాలనీలోనూ ఉన్నారు. కట్టించేముందు ఆ ఏసీ యూనిట్ వెనక గుడ్లు గానీ పిల్లలు గానీ ఉన్నాయేమో చూడండి. గుడ్డు పొదగడానికి పద్దెనిమిది రోజులు, పిల్ల ఎగరడానికి ఇంకో నెల, అంటే మహా అయితే ఏడు వారాలు. అవి ఎగిరిపోయాక కట్టించండి, తల్లిని బయట వదిలేసి పిల్లల్ని లోపల మూసేస్తే అవి ఆకలితో చస్తాయి. ఆ ఏడు వారాలూ ఆ తలుపు మూసే ఉంచండి, మధ్యలో కడగాల్సి వస్తే పైన చెప్పినట్టే తడిపి తీయండి. ఎవరైనా అక్కడ గింజలు వేస్తుంటే ఆపమనండి. మిద్దె మీద పిచ్చుకలూ పిగిలిపిట్టలూ వచ్చి ఒకటీ అరా రెట్ట వేసి పోతే దానికి ఏమీ కంగారు పడక్కర్లేదు, కాయ కడుక్కుని తింటే సరిపోతుంది, అవి పురుగుల్ని ఏరి మీకు మేలే చేస్తున్నాయి.

తమ్ముడు ఇవాళ కుప్ప వేసినా ఎరువు చేతికి రావడానికి నాలుగు నెలలు పడుతుంది, అప్పటిదాకా వర్మీకంపోస్టుతో నడిపించండి. చచ్చిపోయిన మిరప మొక్కల బ్యాగులు రెండూ పైమట్టి తీసి, మూడుసార్లు కడిగాక, వాటిలోనే మెంతులు చల్లి చూడండి, మొలక బాగా వస్తే ఆ మట్టి మళ్లీ నాటడానికి పనికొస్తుందని అర్థం. ఆ మెంతికూర మాత్రం తినకండి. అత్తయ్యగారిని ఈ వారంలోనే డాక్టరుకి చూపించండి, ఆయన ఏమన్నారో నాకు రాయండి.